ఉత్త ఫ్లాష్

ఒక మనిషి మొహం గురించి పాతికేళ్లకు పైగా అబద్ధం చెబుతూ వస్తున్నాను. ఏదో ఒకసారి నోరు జారి ఊరుకున్న అబద్ధం కాదు. అడిగినప్పుడల్లా చెప్పాను. అడగకపోయినా చెప్పిన రోజులున్నాయి. చెప్పి చెప్పి అదెంత నున్నగా తయారైందంటే, ఒక్కోసారి నాకే నిజమేమో అనిపిస్తుంది. అప్పుడు భయం వేస్తుంది.

మీరెవరో నాకు తెలియదు. అదే మంచిది. తెలిసినవాళ్లయితే ఈపాటికి "అయ్యో, పోనిద్దురూ, ఎప్పటి సంగతో" అనేసేవాళ్లు. నాకు ఆ మాట వద్దు. మీరు కూడా అనకండి. చివరిదాకా వినండి, చాలు.

మాకు పటాన్‌చెరులో ఫోటో స్టూడియో ఉంది. ఉంది అనాలో ఉండేది అనాలో తెలియడం లేదు. హైవే వెడల్పు చేస్తున్నారని ముందు గోడ మీద ఎర్ర రంగుతో గీత గీసి వెళ్లారు. పాస్‌పోర్టు ఫోటోలకు తప్ప గడప తొక్కేవాళ్లు ఎలాగూ లేరు. "ఇగ చాలుతీ" అన్నాడు మా ఆయన. సామాను సర్దడం మొదలుపెట్టాం. అన్నీ తేలిపోయాయి గానీ అద్దాల బీరువాలో ఉన్న పాత రీలు కెమెరాల దగ్గర ఆగిపోయాం. అమ్మాలా, ఉంచుకోవాలా? ఆ ప్రశ్నే నన్ను తప్పించుకోలేని చోటికి తెచ్చి నిలబెట్టింది.

మా నాన్న కోస్తా నుంచి ఇక్కడి ప్రభుత్వ ఫ్యాక్టరీలో ఉద్యోగానికి వచ్చాడు. నేను క్వార్టర్స్‌లో పెరిగాను. మా ఆయన ఇక్కడివాడే. క్వార్టర్స్‌లో వినాయక చవితికి ఫోటోలు తీయడానికి వచ్చి, వినాయకుడికంటే నావే ఎక్కువ తీశాడు. రీలు అంత ప్రియంగా ఉండే రోజుల్లో నా మీద సగం రీలు తగలేసిన మనిషిని కాదనడం ఎలా? పెళ్లయింది. ఆడవాళ్ల ఫంక్షన్లకు ఆడమనిషే కావాలని జనం అడుగుతున్నారని నాకు కెమెరా పట్టుకోవడం నేర్పాడు. మేం ఇద్దరం, మా అత్తయ్య. మామగారు అంతకు ముందే పోయారు.

అత్తయ్య నోటికి భయపడనివాళ్లు ఆ గల్లీలో లేరు. "మా కోడలు నోరు తెరిస్తె రేడియోల వార్తలొచ్చినట్టుంటది" అని వచ్చినవాళ్లందరికీ చెప్పేది. నేను 'అండీ' అంటే తనూ సాగదీసి 'అండీ...' అనేది. కోపం వచ్చేది, నవ్వూ వచ్చేది. ఇప్పుడు ఆ వెక్కిరింత ఒక్కసారి వినిపిస్తే చాలనిపిస్తుంది. నా మాటను వెక్కిరించేవాళ్లే లేకుండా పోయారు.

అలాంటి మనిషికి ఫోటో అంటే మాత్రం గుండె దడ. ఫోటో దిగితే ఆయుష్షు తగ్గుతుందని ఆవిడ నమ్మకం. కొడుకు సరదాకి కెమెరా ఎత్తితే చేతిలో చాట ఉంటే చాట, చీపురు ఉంటే చీపురు విసిరేది. ఓటరు కార్డు ఫోటోలకి రమ్మని వార్డు మెంబరే వచ్చి పిలిస్తే, మోకాళ్ల నొప్పులని దుప్పటి కప్పుకుని పడుకుంది. అతను అటు వెళ్లగానే లేచి రొట్టెలు చేసింది. ఊరందరి ఫోటోలూ గోడ మీద ఉన్న ఇంట్లో ఆవిడది ఒక్కటీ లేదు.

ఇక మా వృత్తిలోని ఒక సంగతి చెప్పాలి. రీలులో ఉండేవి లెక్క ప్రకారం కొన్ని బొమ్మలే. పెళ్లిలో పెద్దమ్మలు, మేనత్తలు, వాళ్ల తోటికోడళ్లు, అందరూ చెయ్యి పట్టి లాగుతారు. "మాదొకటి దింపమ్మా" అంటారు. కాదంటే అలుగుతారు. ఔనంటే రీలు చాలదు. అందుకని ఫ్లాష్ లైటు వెనక ఉండే చిన్న బటన్ నొక్కేవాళ్లం. అది లైటు పనిచేస్తోందో లేదో చూసుకోవడానికి ఉన్న బటన్. అది నొక్కితే లైటు భళ్లున వెలుగుతుంది. కెమెరాలో బొమ్మ మాత్రం పడదు, రీలు ఖర్చు కాదు. దిగినవాళ్లు సంతోషంగా వెళ్లిపోతారు. "ఉత్త ఫ్లాష్ కొట్టు" అని మా ఆయన నా చెవిలో అనేవాడు. ఇంటికి వచ్చాక ఎవరెవరికి ఉత్త ఫ్లాష్ కొట్టామో చెప్పుకుని నవ్వుకునేవాళ్లం. అది మోసమని మాకెన్నడూ తోచలేదు. వాళ్ల ముచ్చట తీరేది, మా రీలు మిగిలేది. అంతే అనుకునేవాళ్లం.

ఆ రోజు ఇస్మాయిల్‌ఖాన్‌పేట అమ్మవారి గుళ్లో పెళ్లి. రుద్రారం వాళ్లది. మా ఆయనకు వేరే ఆర్డరు ఉండటంతో నేనొక్కదాన్నే వెళ్లాలి. భవానమ్మకు మొక్కుకుంటానని అత్తయ్య కూడా బయల్దేరింది. పొద్దున్నే పెళ్లికూతురి తరఫు ఆడవాళ్లంతా కూర్చుని ఉన్నచోట ఎవరో "నీ కోడలా? కెమెరా పట్టుకుంటదా?" అని ఆశ్చర్యపోయారు.

"పట్టుకుంటది. మొగోల్ల నడుమ తిరుగుతది. ఇంట్ల పొయ్యి మాత్రం నేనే ముట్టియ్యాలె" అంది అత్తయ్య.

అందరూ గొల్లుమన్నారు. ఒకావిడ నన్ను కిందినుంచి పైదాకా చూసింది. అత్తయ్య అన్నదాంట్లో అబద్ధం ఏముంది? ఏమీ లేదు. పొయ్యి ఆవిడే ముట్టించేది, నేను పొద్దున్నే స్టూడియోకి పోయేదాన్ని. కానీ నలుగురిలో అనాలా? ఒళ్లు మండిపోయింది. అప్పటినుంచి ఆవిడ మొహం చూడటం మానేశాను. ఇది గుర్తుంచుకోండి. మధ్యాహ్నం దాకా ఆవిడ వైపు తల కూడా తిప్పలేదు.

తలంబ్రాలు అయ్యాయి. జనం ఒకళ్ల మీద ఒకళ్లు పడుతున్నారు. వెనకనుంచి అత్తయ్య నా భుజం తట్టింది.

"పిల్లా, నన్నొకటి దింపు."

నేను వెనక్కి తిరగలేదు. "ఫోటో దిగితే ఆయుష్షు తగ్గుతుందంటారుగా" అన్నాను. ఆ గొంతు నాకు ఇప్పటికీ వినబడుతుంది. అత్తయ్య గొంతు కాదు. నాది.

"తగ్గితే తగ్గనియ్. మావోడు ఎంత బతిమాలినా దిగలే. నువ్వు దింపు. నీ చేతులతోటి దింపు."

"నిలబడండి" అన్నాను. ఆవిడ స్తంభం దగ్గరికి జరిగినట్టు చీర చప్పుడైంది. మంటపం వైపు నుంచి పెళ్లికూతురి మేనమామ నన్ను కేకేస్తున్నాడు. నా కళ్లు అటున్నాయి. కెమెరాను గడ్డం దాకా ఎత్తాను. కంటికి ఆనించలేదు. బొటనవేలు బటన్ మీదికి దానంతటదే పోయింది. లైటు వెలిగింది.

"అయిపోయిందా?"

"అయిపోయింది."

"మంచిగొచ్చిందా?"

"వచ్చింది" అని మంటపం వైపు వెళ్లిపోయాను.

రీలులో బొమ్మలు లేవా అని మీరు అడగవచ్చు. ఉన్నాయి. అదే చెప్పలేకపోతున్నది. తిరుగు ప్రయాణంలో రీలు చివర ఇంకా నాలుగైదు మిగిలే ఉన్నాయి. పూర్తయితేనే కడగడానికి పంపుతాం కాబట్టి మిగిలినవాటిని దేనిమీదో ఒకదానిమీద ఖర్చు చేసేయడం మాకు అలవాటు. బస్సు కిటికీలోంచి ఒక గడ్డివాము తీశాను. సంగారెడ్డి చౌరస్తాలో బస్సు ఆగితే జామకాయల బండి తీశాను. అత్తయ్య నా పక్క సీట్లోనే కూర్చుని ఉంది. కెమెరా ఇటు తిప్పితే చాలు. తిప్పలేదు. నాకు రీలు తక్కువై కాదు, మనసు రాక.

సాయంత్రం స్టూడియోలో మా ఆయన కెమెరా అందుకుంటూ "అయిపోయిందా?" అన్నాడు. "అయిపోయింది" అన్నాను. నేను పెళ్లి అయిపోయిందన్నాను. ఆయన రీలు అయిపోయిందనుకున్నాడు, వెనక్కి చుట్టేశాననుకున్నాడు. చుట్టని రీలుకి వెలుతురు తగిలితే బొమ్మలు కాలిపోతాయి. ఆయన వెనక మూత తెరిచాడు. తెరిచి, "అయ్యో" అని టక్కున మూసేశాడు. మొదటి బొమ్మలు బతికాయి. చివరివి తెల్లగా కాలిపోయాయి. పోయింది ఒక గడ్డివాము, ఒక జామకాయల బండి. ఆ సంగతి నాకు తెలుసు. ఆయనకు తెలియదు.

వారం తిరక్కుండానే అత్తయ్య కొడుకుని అడిగింది. "నా ఫోటో ఏదిరా? కోడలు దింపింది గద గుళ్లె."

ఆయన మొహం పాలిపోయింది. వాళ్లమ్మ ఫోటో దిగిందన్న సంగతే ఆయనకు అప్పుడు తెలిసింది. "నీదున్నదా అండ్ల? నా చేతుల్నే కాలిపోయిందే అమ్మా" అన్నాడు.

"పోతే పోనియ్. మల్ల దింపుతదితీ" అంది ఆవిడ, నా వైపు చూసి. చూసిందనే అనుకుంటున్నాను. నేను కూర తరుగుతున్నాను.

ఆ మాట తర్వాత కూడా నాకు రోజులున్నాయి. కెమెరా ఉంది, రీలుంది, ఆవిడ ఉంది. మళ్లీ అడిగితే తీద్దాం అనుకున్నాను. నేనే పిలిచి నిలబెట్టాలా అనుకున్నాను. ఎంత బిగువు! ఆవిడ అడగలేదు. ఆ ఏడు బోనాలు రాకముందే ఒక తెల్లవారుజామున ఛాతీలో నొప్పని లేచి కూర్చుంది. ఆసుపత్రికి తీసుకెళ్లేలోపే పోయింది.

దినాలనాడు అందరి ఇళ్లల్లో దండ వేసిన ఫోటో పెడతారు. మేం కుర్చీలో ఆవిడ ఆకుపచ్చ చీర మడత పెట్టి, ముందు దీపం పెట్టాం. వచ్చినవాళ్లు "ఫోటోలోల్ల ఇంట్ల ఫోటో లేదా?" అన్నారు. మా ఆయన అరచేతులు చూసుకుని "గీ చేతులతోటే కాల్చుకున్న" అన్నాడు. నేను పక్కనే ఉన్నాను. నోరు తెరిచాను కూడా. ఆయన నావైపు తిరిగి, "నువ్వు కష్టపడి దింపితివి. నేనే ఖరాబు చేసిన" అన్నాడు. నాకు క్షమాపణ చెప్పాడండీ. నాకు! ఆయన నన్ను తిట్టి ఉంటే చెప్పేసేదాన్నేమో.

కొన్నాళ్లకు అడిగాడు. "ఎట్ల నిలబడ్డది అమ్మ? నువ్వు చూసినవ్ గద."

నేను చూశానన్నాను. ఆకుపచ్చ చీర కట్టుకుందన్నాను, అది నిజమే. స్తంభానికి చెయ్యి ఆనించిందన్నాను. కొంగు సర్దుకుందన్నాను. నవ్విందన్నాను. ఆయన కళ్లు మూసుకుని విన్నాడు. ఆ మొహంలోకి ఒక నిమ్మళం రావడం చూశాను. మంచిపని చేశాననే అనుకున్నాను. ఎవరి కోసం చేశాను? ఆయన కోసమని ఇన్నాళ్లూ చెప్పుకున్నాను. ఆయన కోసమే అయితే నిజం చెప్పి, ఆయన చేతుల మీది మచ్చ తుడిచేదాన్ని కదా. పాపం ఆయన మీద పెట్టి, పైగా కథ చెప్పి ఓదార్చాను.

ఆ తర్వాత ప్రతి పెత్రమాసకీ, పోయిన పెద్దలకు పెట్టుకునే అమావాస్యనాడు, అడిగేవాడు. ఏళ్లు గడిచేకొద్దీ మరీ ఎక్కువగా అడిగాడు. "అమ్మ మొఖం యాదికొస్తలేదే" అని ఒకరోజు పిల్లాడిలా ఏడ్చాడు. నాకూ రావడం లేదు. గొంతు ఉంది, ఆ వెక్కిరింత ఉంది, రొట్టె కొట్టే చప్పుడు ఉంది. మొహం దగ్గరికి వచ్చేసరికి నేను కల్పించింది అడ్డం వస్తోంది. ఆవిడ ఎందుకు ఫోటో అడిగిందో అర్థం కావడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. పొద్దున అన్న మాటకి ఆవిడ మనసు పీకింది. తప్పయిందని కోడలితో అనే మనిషి కాదు. అందుకని తను ప్రాణభయంతో తప్పించుకునే పని నా చేతిలో పెట్టింది. కొడుక్కి ఇవ్వనిది నాకిచ్చింది. నేను బటన్ నొక్కాను.

ఆయనకు తెలియకుండా ఒకసారి రుద్రారం వెళ్లాను. ఆ పెళ్లివాళ్ల ఇల్లు వెతికి పట్టుకుని, పాత ఆల్బం ఒకసారి చూస్తానన్నాను. పెళ్లికూతురికి అప్పటికే తలలో తెల్లవెంట్రుకలు. టీ ఇచ్చింది, ఆల్బం ఇచ్చింది. ప్రతి ఫోటోలో వెనక నిలబడ్డవాళ్లను వెతికాను. ఒకదాంట్లో, అప్పగింతల ఫోటోలో, అంచున కొంచెం ఆకుపచ్చ కొంగు కనబడింది. ఆ పక్కన మనిషి లేదు. నేనే అక్కడ కత్తిరించినట్టు ఫ్రేము ఆపేశాను. "ఏమైందమ్మా, కండ్లల్ల నీళ్లు?" అంది పెళ్లికూతురు. పాత రోజులు గుర్తొచ్చాయన్నాను. బస్సులో పటాన్‌చెరు దాకా ఏడుస్తూనే వచ్చాను. పక్కన కూర్చున్న హాస్టల్ అమ్మాయి నీళ్ల సీసా ఇచ్చింది.

ఇక మొన్నటి సంగతి. కందిలోని పెద్ద క్యాంపస్‌లో పనిచేసే ఒకాయన కెమెరాలు చూడటానికి వచ్చాడు. ఈ మధ్య చదువుకున్న పిల్లలకు రీలు కెమెరాల మీద మళ్లీ మోజు పుట్టిందట. మర్యాదస్తుడు. ఒక్కొక్కటీ తీసి చెవి దగ్గర పెట్టుకుని మీట నొక్కి విన్నాడు. అన్నింట్లోకీ నల్లటి పెద్దదాన్ని ఇష్టపడ్డాడు. నేను గుడికి తీసుకెళ్లింది అదే.

"అది ఇయ్య సార్" అన్నాడు మా ఆయన. "అన్ని తీస్కపోండ్రి. గదొక్కటి మా అమ్మను చూసింది. ఆఖరికి చూసింది గదే."

వచ్చినాయన కెమెరాను జాగ్రత్తగా కింద పెట్టాడు. "ఆ ఫోటో ఒకసారి చూడొచ్చా?"

"లేదు. నేనే కాల్చిన." మా ఆయన నావైపు చెయ్యి చూపించాడు. "ఈమె దింపింది. అడగండ్రి, చెప్తది. కండ్లకు కట్టినట్టు చెప్తది."

ముక్కూ మొహం తెలియని మనిషి ముందు నేను మళ్లీ మొదలుపెట్టాను. ఆకుపచ్చ చీర. స్తంభం. నవ్వు. ఆయన ఎంతో శ్రద్ధగా వింటున్నాడు. ఆ శ్రద్ధ చూసి నాకేం పోయేకాలం వచ్చిందో, ఇంకో మాట కలిపాను. "ఫ్లాష్ పడగానే ముక్కుపుడక తళుక్కుమంది" అన్నాను.

మా ఆయన కుర్చీలోంచి లేచాడు. "గిది ఇన్నొద్దులు చెప్పలేదేందే!" అన్నాడు. కళ్లల్లో నీళ్లు. పోయిన అమ్మ తాలూకు ఇంకొక ముక్క దొరికింది ఆయనకు. వచ్చినాయన ఆదివారం వస్తానని, మిగతావి పక్కన పెట్టమని చెప్పి వెళ్లాడు. ఆయన గేటు దాటకముందే మా ఆయన సంగారెడ్డిలో ఉన్న వాళ్లక్కకు ఫోన్ చేశాడు. "అక్కా, అమ్మ ముక్కుపుడక మెరిసిందంటనే ఫోటో దిగినప్పుడు. ఈమెకు ఇప్పుడు యాదికొచ్చింది." అవతల ఆవిడ ఏడుస్తున్న చప్పుడు నాకు వినబడింది. నేను సృష్టించిన ముక్కుపుడక మెరుపుకు ఇద్దరు ముసలి పిల్లలు ఏడుస్తున్నారు. ఇంక నా వల్ల కాలేదు.

మర్నాడు పొద్దున టీ గ్లాసు ఆయన ముందు పెట్టి నిలబడ్డాను.

"ఆ రోజు గుళ్లో నేను ఉత్త ఫ్లాష్ కొట్టాను" అన్నాను.

ఇంకేమీ వివరించక్కర్లేకపోయింది. ఆ పని నాకు నేర్పింది ఆయనే.

"అమ్మకా?" అన్నాడు.

"అవును. మీరు కాల్చింది గడ్డివామును. అమ్మను కాదు. మీ చేతుల్లో తప్పేం లేదు."

"మరి నవ్విందంటివి?"

"నాకు తెలియదండీ. నేను చూడలేదు."

ఆయన టీ తాగలేదు. నన్ను తిట్టలేదు. లేచి చొక్కా వేసుకుని స్టూడియోకి వెళ్లాడు, సాయంత్రం దాకా రాలేదు. ఆ తర్వాత మూడు పూటలా పెట్టింది తిన్నాడు. అవసరమైన మాటలు మాట్లాడాడు. నిమ్మకాయలు తేవాలా, కరెంటాయన వచ్చాడా, ఇలాంటివి. పెళ్లయినప్పటినుంచీ నన్ను 'ఏందే' అని పిలిచే మనిషి ఇప్పుడు ఏమీ అని పిలవడం లేదు. క్షమించమని నేను అడగలేదు. అడిగితే క్షమించాల్సి వస్తుందేమోనని ఆయన కూడా నాకు అడిగే సందు ఇవ్వడం లేదు.

ఆదివారం ఆ కంది ఆయన వచ్చాడు. మా ఆయన కెమెరాలన్నీ బల్ల మీద వరసగా పెట్టాడు. నల్లది కూడా వాటి మధ్యలో ఉంది. ఇంతకాలం దాన్ని అమ్మేస్తే బాగుండు, నా కళ్ల ముందునుంచి పోతుంది అనుకున్నదాన్ని నేను. ఇప్పుడు అది పోతుంటే ప్రాణం పోతున్నట్టు ఉంది. అది ఆవిడను చూడలేదు, నిజమే. కానీ ఆవిడ దాన్ని చూసి ఉంటుంది. భయం చంపుకుని, నన్ను నమ్మి, ఆ అద్దంలోకి కదలకుండా చూస్తూ నిలబడి ఉంటుంది. ఉంచుకుందామండీ అనాలని నాలుక చివరిదాకా వచ్చింది. ఏ మొహం పెట్టుకుని అనను?

"ఇది ఇవ్వనన్నారు కదా, అమ్మగారిని చూసిందని?" అన్నాడు వచ్చినాయన, అనుమానంగా.

"లేదు సార్" అన్నాడు మా ఆయన. నావైపు చూడకుండా, దాని పట్టీని చుట్టి ఆయన చేతిలో పెట్టాడు. "గది ఏం జూడలే. తీస్కపోండ్రి."

నేను తలుపు దగ్గరే నిలబడి ఉన్నాను. సిగ్గుతో చచ్చిపోయాను. అయినా అబద్ధం చెప్పను, ఊపిరి కొంచెం తేలిగ్గా ఆడింది. ఆ గుడి సంగతి గురించి మా ఇంట్లో పరాయి మనిషి ముందు నిజం మాట్లాడటం అదే మొదటిసారి.